నడిమి చుక్కను ఎవరు చెరిపారు?

ఈ భూమ్మీద ఆకాశాన్ని ఎనిమిది వేలసార్లు తుడిచి ఆరబెట్టిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ మా అమ్మమ్మ. చంద్రుడి మీదకు వెళ్ళొచ్చినవాళ్ళు పన్నెండుమంది ఉన్నారంటారు గానీ, వాళ్ళు తొక్కిన చోటల్లా అడుగులు పడేసి చేతులు దులుపుకుని వచ్చేశారు. మా అమ్మమ్మే వెళ్ళుంటే గుడ్డ పెట్టి తుడిచి, తాళం వేసి, ఆ తాళాన్ని మూడుసార్లు లాగి చూసి మరీ వచ్చేది.

ఇందులో అబద్ధం పాలు కొంచెమే. ఆవిడ పనిచేసేది ఖగోళ పరిశోధనశాలలో, పాత గాజు ప్లేట్లు కడిగే గదిలో. కంప్యూటర్లు రాకముందు పెద్ద టెలిస్కోపు వెనక గాజు ప్లేటు బిగించి ఆకాశాన్ని ఫోటో తీసేవారట. ప్లేటుకు ఒకవైపు వెలుగు తగిలితే నల్లబడే మందు పూత, రెండోవైపు ఉత్త గాజు. అందులో అంతా తిరకాసే. ఆకాశం తెల్లగా ఉంటుంది, చుక్కలు నల్లగా ఉంటాయి. ఆనాటి పరిశోధకులు గాజు వైపున సిరాతో సున్నాలు చుట్టి, బాణాలు గీసి, తమకు తోచింది రాసుకున్నారు. ఇప్పుడు ఆ ప్లేట్లను స్కాన్ చేసి దాచాలంటే ఆ సిరా అడ్డం. స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో, అప్పటికీ మొండికేస్తే బ్లేడుతో, ఆ సిరాను తీసెయ్యడమే అమ్మమ్మ ఉద్యోగం. వైపు తప్పిందా, సిరాతోపాటు నక్షత్రాలూ ఊడివస్తాయి.

అలాంటి పనికి ఎవరినీ నమ్మని మనిషి కావాలి. ఆ విషయంలో పరిశోధనశాల అదృష్టం పండింది. ప్రతి ప్లేటు మూలనా అమ్మమ్మ ఆవిరి ఊదేది. ఆవిరి నిలిచి మసకేస్తే గాజు, నిలవకపోతే మందు. ఒక్కసారి ఊది ఊరుకునేది కాదు. కవరు మీద ‘ఇటువైపు గాజు’ అని రాసి ఉంటే మరీ అనుమానం. “అడక్కుండా ఎందుకు చెబుతున్నాడు వీడు?” అని ఇంకోసారి ఊదేది.

ఇంట్లోనూ అదే వరస. మా ఇంట్లో గడియారాలు మూడు, ఒకదాని మీద ఒకటి కాపలా. పాల పాకెట్టు మీద తేదీని వెలుగుకు పెట్టి చూస్తుంది. తాతయ్య బిళ్ళ మింగాక నోరు తెరిపించి చూస్తుంది. నలభై ఏళ్ళ కాపురంలో తనకు నచ్చినట్టు నోరు తెరవడం ఎప్పుడూ కుదరలేదని తాతయ్య అంటాడు, అదీ ఆవిడ పక్కగదిలో ఉన్నప్పుడు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పనికి చేరింది. చేరిన నెలకే ఒక పెద్దమనిషి పాత అద్దాలు ఫ్రేము మార్చమని ఇచ్చి, తీసుకెళ్ళేటప్పుడు ఒక గీత చూపించి, “ఇది నువ్వే పెట్టావు” అన్నాడు. ఆ గీత ముందే ఉందని అమ్మమ్మకు తెలుసు. తెలిస్తే సరిపోదు కదా. కొట్టు యజమాని ఆయన మాటే నమ్మాడు. ఆ మర్నాటి నుంచి, చేతికి వచ్చిన ప్రతి అద్దం మీదా పల్చటి బటర్ పేపరు పరిచి, ఉన్న గీతలన్నీ పెన్సిలుతో ఎక్కించి, కింద తేదీ వేసుకున్నాకే పని ముట్టుకునేది. మిషన్ల దెబ్బకు కొట్టు మూతపడి, యాభై రెండో ఏట ప్లేట్ల గదికి మారినా బటర్ పేపరు ఆవిడను వదల్లేదు. ప్రతి ప్లేటు మీది సిరా గుర్తులూ ముందు కాగితం మీదకు ఎక్కాలి, తర్వాతే స్పిరిట్ సీసా మూత తియ్యాలి. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేస్తున్నట్టు ఆవిడా ఎవరికీ చెప్పలేదు. కాగితాలన్నీ కట్టలు కట్టి, ఇంట్లో మంచం కింద రేకుపెట్టెల్లో పెట్టి తాళం వేసింది. చిన్నప్పుడు వాటిలోంచి కొన్ని గాలిపటాలుగా ఎగిరిపోయాయని ఆవిడకు నా మీద అనుమానం. రుజువైతే లేదు.

పదకొండేళ్ళు అలా గడిచాయి. ఒక శనివారం పొద్దున, కొత్తగా చేరిన పరిశోధకురాలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కడిగే గదిలోకి వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, మాట మెత్తన. మాట మెత్తగా ఉన్నవాళ్ళంటే అమ్మమ్మకు మరింత జాగ్రత్త.

“అమ్మగారూ, నాలుగువేల నాలుగువందల పదిహేడో ప్లేటు మీరే కడిగారా?”

“నా పేరు రాసి ఉంటే నేనే కడిగాను. ఏం?”

పిల్ల తెర తిప్పి చూపించింది. ఏళ్ళ తేడాతో తీసిన మూడు బొమ్మలు. మూడింట్లోనూ పొగమరకలాంటి ఒకే గెలాక్సీ. మొదటిదాన్లో మరక నడుమ నల్లటి చుక్క. మూడోదాన్లోనూ ఉంది. మధ్యదాన్లో మరక ఉంది, చుక్క లేదు.

“మధ్యదే నాలుగువేల నాలుగువందల పదిహేడు” అంది పిల్ల.

“అయితే ఏంటి? ఆకాశం నిండా చుక్కలే. ఒక్క చుక్కకు ఇంత హడావిడా?”

“అది ఉత్త చుక్క కాదండీ. ఆ గెలాక్సీ అంటే కోట్లకోట్ల నక్షత్రాల మంద. నట్టనడుమ ఒక కృష్ణబిలం ఉంటుంది. దగ్గరకొచ్చిన గ్యాసునంతా లాక్కుంటుంది. ఆ గ్యాసు లోపల పడేముందు చుట్టూ గిరగిరా తిరిగి, రాసుకుని, భగ్గున వేడెక్కుతుంది. ఆ వెలుగే ఈ చుక్క. దీని ముందు మిగతా నక్షత్రాలన్నీ కలిసినా దిగదుడుపే.”

“కృష్ణబిలం అంటే నల్లది కదా?”

“అవునండీ.”

“కంటికి కనపడదు కదా?”

“కనపడదండీ.”

“నల్లది, కనపడనిది, దాని పక్కన మంద మొత్తం కన్నా ఎక్కువ వెలుగు. ఈ మాట అందరికీ చెబుతున్నావా, నాకొక్కదానికేనా?”

పిల్ల నవ్వింది గానీ, తలుపు దగ్గర నిలబడ్డ ఆయన నవ్వలేదు. ఆయన ప్లేట్ల గదికి అధికారి. ఇంకా కడగని ప్లేట్ల బీరువాలన్నిటికీ లక్క కరిగించి, తన ముద్ర గుద్ది, తేదీ వేస్తాడు కాబట్టి అందరూ సీలాయన అనేవారు. ఆయన చేతిలో అమ్మమ్మ సొంత దస్తూరీ ఉన్న పనిపట్టీ ఉంది.

“ఇక్కడ నువ్వే రాశావమ్మా. ‘సిరా గట్టిగా ఉంది, బ్లేడు వాడాను’ అని. ఎక్కడ వాడావో కూడా రాశావు. సరిగ్గా ఆ గెలాక్సీ దగ్గర.”

అమ్మమ్మ చదివింది. రాసింది తనే. భూతద్దం తెప్పించి ప్లేటు చూసింది. మందు మీద గీత లేదు.

“గీత లేదు, చూడండి బాబూ.”

“గీత లేకపోతే తడి తగిలి పూత కరిగి ఉంటుంది. ఎలా పోయిందన్నది కాదు. చుక్క పోయిందా లేదా?” అని సీలాయన ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. ‘నా చెయ్యి పొరపాటున తగిలి ప్లేటు పాడయినది’ అని టైపు చేసి ఉంది. కింద సంతకానికి ఖాళీ. “పెద్దదానివి, కోప్పడటం లేదు. సంతకం పెట్టు. సోమవారం నుంచి ఇంట్లో సుఖంగా ఉండు.”

“ఆ వెలుగు ఎప్పుడు బయల్దేరింది?” అని అమ్మమ్మ పిల్లను అడిగింది.

“కోట్ల ఏళ్ళ కిందట అమ్మగారూ.”

“కోట్ల ఏళ్ళ నాటి తగువుకు నేను సంతకం పెట్టాలా? సోమవారం వచ్చి చెబుతాను” అని సంచీ తీసుకుని బయటికి నడిచింది.

దారి పొడుగునా ఆవిడ అనుమానాలు ఆవిడకున్నాయి. సీలాయనే ప్లేటు జారవిడిచి తన మీదకు తోస్తున్నాడా? మెత్తమాటల పిల్ల ప్లేటు మార్చేసిందా? స్కానర్ తప్పా? బస్సులో పక్కన కూర్చున్నావిడను కూడా ఒకసారి పరీక్షగా చూసింది. అయితే ఆ అనుమానాలన్నిటి అడుగునా ఇంకొకటి ఉంది, దాని వంక చూడటానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. ఆరునెలలుగా ఆవిడ కుడిచేతి బొటనవేలు మొద్దుబారుతోంది. పొద్దున్నే సూది గుచ్చినా తెలియదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. పదకొండేళ్ళలో అందరినీ అనుమానించింది గానీ, తన చేతిని అనుమానించాల్సిన రోజు వస్తుందనుకోలేదు.

ఇంటికి రాగానే తాతయ్య ముక్కు మీది కళ్ళద్దాలు లాక్కుంది. వాటి మీద సిరాతో సున్నా చుట్టి, ఆరబెట్టి, బ్లేడుతో తీసింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ తీసింది. తొమ్మిదిసార్లు గాజు తళతళలాడింది. పదోసారి అంచున సన్నటి గీత పడింది.

“అయిందా? ఇంక నేను లోకాన్ని చూడొచ్చా?” అన్నాడు తాతయ్య, సోఫాలో తడుముకుంటూ.

“ఆగండి. గీత పడింది.”

“నా అద్దం మీదా, నీ మనసు మీదా?”

ఆవిడ జరిగింది చెప్పింది. బొటనవేలి సంగతీ చెప్పింది. తాతయ్య, “ఏమో, జారే ఉంటుందేమోనే. మనిషి చెయ్యేగా” అన్నాడు. తప్పు మాట కాదు, చెప్పిన సమయమే తప్పు. ఆ సాయంత్రం మా ఇంట్లో ముగ్గురం ఉన్నా మూడు గడియారాల చప్పుడే వినిపించింది.

ఆదివారం పొద్దున అమ్మమ్మ మంచం జరిపించింది. రేకుపెట్టెలు పదకొండు. తాళంచెవులు పదకొండు, ఒక్కోటీ ఒక్కోచోట. ఒకటి పప్పు డబ్బాలో దొరికింది, ఇంకొకటి గడియారం వెనక. మధ్యాహ్నానికి గది నిండా బటర్ పేపర్లు. ఎగిరిపోతాయని తలుపు తియ్యనివ్వలేదు, ఫ్యాను కూడా వెయ్యనివ్వలేదు. చెమటలు కక్కుకుంటూ వెతికితే నాలుగో పెట్టెలో దొరికింది, నాలుగువేల నాలుగువందల పదిహేడు.

కాగితం మీద ఒక సున్నా. సున్నా మీదకు ఒక బాణం. పక్కన ఎవరిదో పాత, పక్కకు ఒరిగిన దస్తూరీని అమ్మమ్మ పెన్సిలు ఉన్నదున్నట్టు ఎక్కించింది: ‘నడిమి చుక్క ఏది? ప్లేటు బాగానే ఉంది. 4423 కూడా చూడాలి.’

అమ్మమ్మ మంచం మీద కూలబడింది. ఎక్కించినరోజు ఆవిడ ఆ అక్షరాలను గీతలుగానే చూసింది, మాటలుగా చదవలేదు. ఏళ్ళ తరబడి ప్లేట్లే ప్లేట్లు, అన్నిటి మీదా ఏదో రాతే. ఆ తర్వాత ఆ గట్టి సిరాను బ్లేడుతో గీకి, తుడిచి, ఆరబెట్టేసింది. చుక్క లేదని యాభై ఏళ్ళ కిందటే ఒకరు చూసి రాసిపెడితే, ఆ సాక్ష్యాన్ని తన చేత్తోనే చెరిపింది. చెరిపేముందు ఎవరినీ నమ్మలేదు కాబట్టి, అది ఈ మంచం కింద బతికింది.

“ఎవరో నాలాంటి మనిషే” అంది కాగితాన్ని వెలుగుకు పెట్టి. “చుక్క లేకపోతే ముందు ప్లేటును అనుమానించింది. అది బాగుందని తేలాక కూడా నమ్మలేదు, ఇంకో ప్లేటు చూడాలనుకుంది.” ఆ రాసింది ఆడమనిషేనని ఆవిడ ఎందుకు తేల్చేసుకుందో ఆవిడకే తెలియాలి.

సోమవారం సీలాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “బాగానే ఉందమ్మా. ఇది నువ్వు నిన్న ఇంట్లో కూర్చుని రాసుకురాలేదని నమ్మకమేంటి?”

పిల్ల ముఖం చిన్నబోయింది. అమ్మమ్మ ముఖం మాత్రం విప్పారింది. పదకొండేళ్ళుగా పక్కనే ఉంటున్నా, ఈ మనిషిలో ఇంత సత్తా ఉందని ఆవిడకు తెలియదు.

“ఇప్పుడు దారికొచ్చారు బాబూ. మీ చోట నేనుంటే నేనూ నమ్మను. అందుకే నా కాగితం పక్కన పెట్టండి. అందులో ఇంకో ప్లేటు నంబరుంది. నాలుగువేల నాలుగువందల ఇరవై మూడు. దాన్ని నేను కడిగానా?”

సీలాయన పట్టీ చూశాడు. కడగలేదు. ఆ ప్లేటు పెద్దసైజుది కావడంతో వేరే బీరువాలో పడింది. ఆ బీరువాకు తొమ్మిదేళ్ళ కిందట ఆయన గుద్దిన లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

“మీ ముద్ర మీరే పగలగొట్టండి. నేను గదిలోకి కూడా రాను. వస్తే గాలి తగిలి చుక్క పోయిందంటారు” అని అమ్మమ్మ వరండాలో స్టూలు వేసుకుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చేతి గోటితో కుడి బొటనవేలిని నొక్కి చూసుకుంది. ఏమీ తెలియలేదు. చుక్క అక్కడ ఉంటే? ఉంటే ఇంక అనుమానించడానికి తను తప్ప ఎవరూ మిగలరు.

లోపల లక్క విరిగిన చప్పుడైంది. బీరువా తలుపు కిర్రుమంది. మొదట పిల్ల బయటికి వచ్చింది. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

“అమ్మగారూ, ఇందులోనూ లేదు. చుట్టూ సిరా సున్నా ఉంది. పక్కన అదే దస్తూరీ. ‘ఇందులోనూ లేదు. నమ్మరు.’ అని రాసి ఉంది.”

“నమ్మరనా?”

“అవునండీ. అంతే రాసి ఉంది.”

అమ్మమ్మ లేచి లోపలికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ ప్లేటు మీదకు వంగి ఆ ఒక్క మాటనూ చాలాసేపు చూసింది. సీలాయన టైపు కాగితాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇలా ఇవ్వండి” అని అమ్మమ్మ అది లాక్కుని, చించి, ముక్కలు సరిపోయాయో లేదో చూసుకుని బుట్టలో పడేసింది.

ఆ తర్వాత టీ తాగుతూ పిల్ల అసలు సంగతి చెప్పింది. చుక్కను ఎవరూ చెరపలేదట. అదే ఆరిపోయిందట. కొన్నేళ్ళు మసకేసి, మళ్ళీ వెలిగిందట.

“ఎందుకు ఆరింది?”

“దానికి గ్యాసు అందడం తగ్గితే ఆరుతుందండీ. ఇంత కొద్ది ఏళ్ళలోనే ఎలా ఆరిందన్నది మాత్రం నాకు తెలీదు. ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు.”

“తెలీదు” అన్న మాట వినగానే అమ్మమ్మ ఆ పిల్లను నమ్మడం మొదలుపెట్టింది. స్టూలు దగ్గరకు లాక్కుంది. “సరే. వెలిగినప్పుడు ఏం చేస్తుంది? చుట్టూ ఉన్న మందకు దానివల్ల లాభమా, నష్టమా?”

“అదే నేను చదువుతున్నదండీ. నడుమ కూర్చుని అది తిన్నదానికన్నా బయటికి తోసేదే ఎక్కువ. దాని వేడికి పెద్దగాలి లేస్తుంది. ఆ గాలి గెలాక్సీలో ఉన్న గ్యాసును కాచి, ఊడ్చి, బయటికి తరిమేస్తుంది. కొత్త నక్షత్రాలు పుట్టాలంటే గ్యాసు చల్లబడి ముద్దకట్టాలి. గ్యాసే లేకపోతే పుట్టేదేముంది? ముసలి నక్షత్రాలే మిగులుతాయి, ఎర్రగా.”

“తినేది గుప్పెడు, పాడుచేసేది గంపెడు.”

“అన్నిచోట్లా కాదండీ. ఒక్కోచోట ఆ తోపుడుకే గ్యాసు నొక్కుకుపోయి, కొత్త నక్షత్రాలు పుడతాయి కూడా.”

“మంచిమాట చివరికి దాచుకున్నావేం?” అని అమ్మమ్మ కప్పు కింద పెట్టింది. “అయినా, చుట్టూ ఉన్నదంతా తరిమేస్తే దాని తిండి కూడా పోతుందిగా? ఆ వెర్రిదానికి ఆమాత్రం తెలీదా?”

పిల్ల టీ తాగడం మాని, ల్యాప్‌టాప్ తెరిచి ఆ మాట రాసుకుంది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అక్కడికే వచ్చారని, పెరగకుండా తనను తానే ఆపుకునే ఈ గొడవ మీదే ఇప్పుడు బోలెడు లెక్కలు కడుతున్నారని చెప్పింది. అమ్మమ్మకు మళ్ళీ అనుమానం వచ్చింది, పొగుడుతోందేమోనని.

అంతా సవ్యంగా ముగిసిందనుకుంటున్న సమయానికి అమ్మమ్మ సీలాయన బల్ల దగ్గరకు వెళ్ళి కుడిచెయ్యి చాచింది.

“బాబూ, ఈ ప్లేటు నేను పాడుచెయ్యలేదు. రేపు ఏదో ఒకటి చేస్తాను. ఈ బొటనవేలు మొద్దుబారుతోంది, ఆరునెలలైంది, మీకు చెప్పలేదు. బ్లేడు పని నాకింక ఇవ్వకండి.”

సీలాయన లక్క ముద్రను చేతిలో తిప్పుతూ, “మరి ఏం చేస్తావమ్మా?” అన్నాడు.

“ఎక్కిస్తాను. కడిగేముందు ప్రతి రాతనూ కాగితం మీదకు ఎక్కిస్తాను. ఈసారి చదువుతూ ఎక్కిస్తాను. ఆ ఇరవై మూడో ప్లేటు మీది సిరాను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.”

ఇప్పుడు ఆవిడ పని అదే. బ్లేడు వేరేవాళ్ళకు వెళ్ళింది. వాళ్ళు బ్లేడు పట్టినంతసేపూ ఆవిడ వాళ్ళ భుజం వెనకే నిలబడుతుంది. ఇంట్లోని పదకొండు పెట్టెలనూ పరిశోధనశాల తీసుకెళ్ళింది. ఒక్కో కట్టకూ రసీదు రాయించుకుని, ఆ రసీదుల మీద బటర్ పేపరు పరిచి మళ్ళీ ఎక్కించుకుంది. మంచం కింద ఖాళీ అయింది గానీ, ఇప్పుడు అక్కడ ఎవరైనా దూరతారేమోనని రాత్రి పడుకోబోయేముందు వంగి చూస్తుంది.

తాతయ్య అయితే మా ఇంటి నడుమ కూడా అలాంటిదే ఒకటి ఉందంటాడు. పాలవాడు నెలకు మించి నిలవడు, పనిమనిషి వారానికి మించి నిలవదు, అందరూ ఆ గాలికి కొట్టుకుపోయినవాళ్ళే. కొట్టుకుపోకుండా మిగిలింది ముసలి ఎర్ర నక్షత్రం తానూ, ఆ తోపుడుకే ముద్దకట్టి మనిషయ్యానని చెప్పుకునే నేనూ.

ఇదంతా రాసి, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఆవిడకు చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ కాగితం వెనకవైపు ఏముందో వంగి వంగి చూస్తూనే ఉంది. ఆపాక, ఎలా ఉందని అడిగాను.

“ఎనిమిది వేలు కాదు. ఏడువేల తొమ్మిదివందల అరవై రెండుకే రసీదిచ్చారు. గాలిపటాలు చేసిన ఆ ముప్ఫై ఎనిమిదీ ఎక్కడ ఎగరేశావో ముందు అది రాయి.”